నేల అదిరితే ఏమనాలి?

2024 డిసెంబరు 4, బుధవారం. పొద్దున ఏడున్నర కావస్తోంది. ఖమ్మంలో మా వంటగదిలో పాలు పొంగిపోకుండా చూస్తూ పొయ్యి దగ్గర నిలబడ్డాను. గూట్లో స్టీలు గ్లాసులు ఒకదాంట్లో ఒకటి దొంతర పెట్టి ఉంటాయి. ఆ దొంతర సన్నగా మోగడం మొదలుపెట్టింది. ఎవరూ ముట్టుకోలేదు. మరుక్షణం అరికాళ్ల కింద గచ్చు, ఎవరో జల్లెడ పట్టినట్టు, అటూ ఇటూ ఆడింది. "బయటికి రా అమ్మాయ్, భూమి అదురుతోంది!" అని హాల్లోంచి మావయ్య కేక. పొయ్యి కట్టేసి వీధిలోకి పరిగెత్తేసరికి చుట్టుపక్కల ఇళ్లవాళ్లంతా అక్కడే ఉన్నారు. నైటీల మీద తువ్వాళ్లు కప్పుకున్న ఆడవాళ్లు, మొహాన సబ్బు నురగతో ఒకాయన, బడి యూనిఫాంలో పిల్లలు. అందరి నోటా ఒకటే మాట: భూకంపం.

మావయ్య అంటే మా అమ్మకు అన్నయ్య. ఒంగోలు దగ్గర పల్లెలో పుట్టి, ప్రకాశం జిల్లా హైస్కూళ్లలో ముప్ఫై ఏళ్లు తెలుగు చెప్పి రిటైరయ్యారు. నేను ఒక దినపత్రికలో డెస్కు మీద పనిచేస్తాను. ఆ సాయంత్రం ఈ వార్త నా చేతి మీదుగానే పోవాలి. అందుకని, వీధిలో మొదలై మధ్యాహ్నం దాకా సాగిన ఈ వాదన నాకు ఊసుపోక మాట్లాడుకున్నది కాదు. గుర్తున్నంత వరకు రాస్తున్నాను.

నేను: ఒకటి గమనించాను మావయ్యా. వీధి వీధంతా భూకంపం అంటుంటే, తెలుగు మేష్టారు మీరొక్కరే "భూమి అదురుతోంది" అన్నారు.

మావయ్య: భయంలో నోటికొచ్చేది చదువుకున్న మాట కాదమ్మాయ్, చిన్నప్పుడు విన్న మాట. 1967 మార్చి 27న ఒంగోలు దగ్గర భూమి అదిరినప్పుడు నాకు పదకొండేళ్లు. మా వసారాలో దూలానికి ఉట్టి వేలాడుతుండేది. అందులో పెరుగు కుండ, దాని మీద వెన్న ముంత. ఉన్నట్టుండి ఆ ఉట్టి ఊగింది. గాలి లేదు, పిల్లి లేదు. నాయనమ్మ నా రెక్క పట్టుకుని వాకిట్లోకి లాగేసి, "భూమి అదిరిందిరా" అంది. ఆవిడ బతికున్నన్నాళ్లూ భూకంపం అన్న మాట ఆవిడ నోట నేను వినలేదు.

నేను: అంటే భూకంపం తెలుగు మాట కాదంటారా?

మావయ్య: సంస్కృతం కదా అని దాన్ని వెలివేసే మనిషిని కాను. భూమి యొక్క కంపం, షష్ఠీ తత్పురుషం. పిల్లలకు ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. నా బాధ వేరు. నాయనమ్మ మాటలో క్రియ ఉంది. భూమి అదిరింది, ఊరుకుంది. దాన్ని నామవాచకం చేసి మనం ఏమంటున్నాం? "భూకంపం వచ్చింది" అంటున్నాం. వరద వచ్చినట్టు, కలరా వచ్చినట్టు. ఎక్కడి నుంచి వచ్చింది? కాళ్ల కింద ఉన్నదే కదా కదిలింది! ఆ మాటతో భూమి తప్పుకుంది, ఎక్కడో ఉన్న శత్రువెవడో మన మీద పడ్డట్టయింది.

నేను: అక్కడ మీతో ఒప్పుకోను. ఆకలి ఎక్కడి నుంచి వస్తుంది? నిద్ర, కోపం, ఏడుపు? అన్నీ మన లోపలివే, అయినా "వస్తుంది" అనే అంటాం. మనం తలపెట్టకుండా, మన అదుపులో లేకుండా జరిగేవాటికి తెలుగులో వాడే క్రియ అది. ఏడుపు వచ్చినట్టే భూమికి వణుకు వచ్చింది. అందులో శత్రువెవడూ లేడు.

మావయ్య కాసేపు మాట్లాడలేదు. టీ కప్పు పట్టుకున్న చెయ్యి అలాగే గాల్లో ఉంది.

మావయ్య: ఇది నాకు తట్టలేదు. సరే, వచ్చింది అన్న మాట మీద కేసు వదిలేశాను. మరి అదురు ఏం తప్పు చేసింది? మీ పత్రికలో ఎందుకు కనిపించదు?

నేను: "ఖమ్మంలో అదిరిన నేల" అని శీర్షిక పెట్టానే అనుకోండి. ఇవాళ పాట అదిరింది, బిర్యానీ అదిరింది అంటున్నారు. చదివేవాడికి ఒక్క క్షణమైనా అది మెచ్చుకోలులా వినిపిస్తుంది. ఎక్కడైనా గోడ కూలి మనిషి పోయిన రోజున ఆ ఒక్క క్షణం కూడా మేం ఒప్పుకోలేం.

మావయ్య: పాట విని ఒళ్లు అదిరింది కాబట్టే ఆ వాడుక పుట్టింది. గుండె అదురుతుంది, పెదవి అదురుతుంది, కన్నదురుతుంది. మనం అదిరించాలనుకున్నా అదరవు, ఆపాలనుకున్నా ఆగవు. మనిషి ఒంట్లో తన చేతిలో లేని కదలికకు పెట్టుకున్న మాటనే నేలకు ఇచ్చారు మన పెద్దవాళ్లు. ఇంతకంటే దగ్గరి మాట ఏముంటుంది?

నేను: కంపం మాత్రం దూరపు మాటా? అదీ ఒంటి మాటే. భయంతో కంపించిపోయాడు అంటాం. అనుకంప ఏమిటి? ఎదుటివాడు వణుకుతుంటే వాడితోపాటు వణకడమేగా. దయకు పుట్టిన మాట, భూకంపానికి పుట్టిన మాట ఒకే ధాతువులోంచి వచ్చాయి.

మావయ్య: వీణ మీద కంపిత గమకం కూడా అక్కడిదే. తీగె మీద వేలు అటూ ఇటూ ఊగుతుంది, స్వరం వణుకుతుంది, మళ్లీ తన చోటికి వచ్చేస్తుంది. చిక్కల్లా అక్కడే ఉంది. కంపం అంటే ఊగి తిరిగి నెమ్మదించడం. భూమి ప్రతిసారీ అలా తిరిగి వస్తుందా? కచ్‌లో 1819 జూన్ 16న ఏం జరిగింది? రాణ్‌లో చదునుగా ఉన్న నేల మైళ్ల పొడవునా గట్టులా పైకి లేచి, అలాగే నిలిచిపోయింది. ఇప్పటికీ ఉంది. దాన్ని అక్కడివాళ్లు అల్లా బంద్ అన్నారు. మనుషులు కట్టిన ఆనకట్ట కాదు, దేవుడు కట్టిందని. ఊగుడు అరక్షణం. గట్టు రెండు వందల ఏళ్లుగా ఉంది. కంపం అన్న మాటలో ఆ గట్టుకు చోటెక్కడ?

నేను: పేరు అన్నీ చెప్పాలని ఎందుకు? పైగా చెప్పకపోవడమే ఈ మాట గొప్పతనం అంటాను. కంపం ఏం జరిగిందో చెబుతుంది, ఎందుకు జరిగిందో చెప్పదు. గ్రీకువాళ్ల సైస్మోస్ అంటే ఊపడమే. జపనీయుల జిషిన్‌లో జి అంటే నేల, షిన్ అంటే వణుకు. మన భూకంపానికి అచ్చుగుద్దినట్టు సరిపోతుంది. తమిళులది నిలనడుక్కం. హైదరాబాదులో ఉర్దూవాళ్లు జల్జలా అంటారు. అరబ్బీ నుంచి వచ్చిన మాట. జల్, జల్ అని మాటే రెండుసార్లు ఊగుతుంది, మన గడగడ, గజగజల్లాగా. జపాన్‌లో జనం నేల కింద నమజు అనే పెద్ద చేప కదలడం వల్లే అది వస్తుందని నమ్మేవాళ్లు. 1855లో ఎదో నగరం, అంటే ఇప్పటి టోక్యో, కూలినప్పుడు ఆ చేప బొమ్మలు అచ్చేసి అమ్మారు కూడా. కానీ జిషిన్ అన్న మాటలో చేప లేదు. చేప పోయింది, మాట మిగిలింది.

మావయ్య: ఆ మాటకొస్తే మన దగ్గరా అంతే. ఆదిశేషుడు పడగ మార్చుకున్నాడని నాయనమ్మ నమ్మేది. కానీ "భూమి అదిరింది" అన్నదాంట్లో పాము లేదు. ఇంకా పాతదొకటి చెప్తాను విను. వరాహమిహిరుడి బృహత్సంహితలో భూకంప లక్షణం మీద ఒక అధ్యాయమే ఉంది. ఆరో శతాబ్దం మనిషి. ముందుగా తన పూర్వుల మాటలు చెబుతాడు. నీళ్లలో ఉండే పెద్ద జంతువుల వల్ల అని కొందరన్నారు. భూభారం మోసి అలిసిన దిగ్గజాలు సేద తీర్చుకోవడం వల్ల అని కొందరు. గాలిని గాలి ఢీకొని నేల మీద పడటం వల్ల అని ఇంకొందరు. ఆ తర్వాత ఒక కథ వస్తుంది. పూర్వం కొండలకు రెక్కలుండేవట. అవి ఎగిరి వాలుతుంటే భూమి తట్టుకోలేకపోయింది. బ్రహ్మ దగ్గరికి వెళ్లి, "నాకు అచల అని పేరు పెట్టింది నువ్వే. ఈ కొండలు ఆ పేరు నిలవనివ్వడం లేదు" అని మొరపెట్టుకుంది.

నేను: తన పేరు అబద్ధమైపోతోందని భూమే ఫిర్యాదు చేసిందా!

మావయ్య: చేసింది. అచలం అంటే కొండ, అచల అంటే భూమి. కదలనివని పేరు పెట్టుకున్న రెండూ కదిలాయి. అప్పుడు ఇంద్రుడు కొండల రెక్కలు నరికాడు. అంతటితో భూమికి స్థిరత్వం వచ్చిందా? రాలేదు. లోకానికి మంచిచెడ్డలు తెలియడానికి వాయువు, అగ్ని, వరుణుడు, నేను నిన్ను అప్పుడప్పుడూ కదిలిస్తాం అన్నాడు. చూశావా? మాటలో కారణం లేదన్నావు, కానీ మాట చుట్టూ శకునం అల్లేశారు. భూకంపం అంటే ఉత్పాతం, ఏదో కీడుకు సూచన. నాకు ఆ మాటంటే బెరుకు అందుకే. అదురులో శకునం లేదు. అదిరింది, అంతే.

నేను: శకునం మాటలో ఉండదు మావయ్యా, మనుషుల్లో ఉంటుంది. ఈ ఆగస్టు 31న ములుగు జిల్లా తాడ్వాయి, మేడారం అడవిలో వేల చెట్లు ఒక్క రోజులో పడిపోయాయి. ఇవాళ భూమి కదిలింది కూడా ఆ చుట్టుపక్కలే. ఇక చూడండి, పొద్దున్నించీ నాకు వచ్చిన ఫోన్లలో సగం "చెట్లు ముందే చెప్పాయి" అన్నవే. ఆ చెట్లను పడగొట్టింది గాలి. ఇవాళ్టిది పుట్టింది 40 కిలోమీటర్ల లోతున. "భూమి అదిరింది" అన్న వీధిలో కూడా ఈ కథ పుట్టేదే. 1934 జనవరి 15న బిహార్‌లో వేలమంది పోతే, అది అంటరానితనం అనే పాపానికి దేవుడు వేసిన శిక్ష అన్నాడు గాంధీ. టాగోర్ ఎదురు చెప్పాడు, ప్రకృతిలో జరిగేదానికి మనుషుల నీతితో ముడిపెట్టొద్దని. అంటరానితనం మీద ఇద్దరిదీ ఒకే మాట. అయినా ఈ ఒక్క విషయంలో టాగోరే సరి అని నేననుకుంటాను. శిక్ష అంటే, పోయినవాళ్లు దోషులని అన్నట్టే అవుతుంది.

మావయ్య: అందులో నీతో గొడవ లేదు.

పదకొండింటికి అన్నాలకు కూర్చున్నాం. కథలు సరే, ములుగులోనే ఎందుకు కదిలింది అని మావయ్య అడిగారు. సింగరేణి బొగ్గు ఎక్కడ దొరుకుతుందో ఆ గోదావరి లోయే, కోట్ల ఏళ్ల కింద నేల చీలి కుంగిన పల్లం. ఆ పల్లం అంచుల్లో పాత పగుళ్లు ఉన్నాయి. భారత పలక ఉత్తరానికి తోసుకుపోతుంటే ఆ ఒత్తిడి ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడ తీరుతుంది. 1969 ఏప్రిల్ 13న భద్రాచలం దగ్గర 5.7 వచ్చింది ఆ లోయలోనే. ఇవాళ్టిది 5.3. ఇంతవరకు చెప్పి ఆగాను, ఎందుకంటే మావయ్య ముద్ద కలపడం ఆపేశారు.

మావయ్య: 5.3 ఏమిటి? మీ పత్రికలో దాని పక్కన ఏ మాట వేస్తారు?

నేను: తీవ్రత. రిక్టర్ స్కేలుపై తీవ్రత 5.3గా నమోదైంది.

మావయ్య: ములుగులో తీవ్రత 5.3, ఖమ్మంలోనూ 5.3, హైదరాబాదులోనూ 5.3?

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. 2020 జనవరి 26 తెల్లవారుజామున పులిచింతల దగ్గర 4.6 వచ్చింది. "జగ్గయ్యపేటలో 4.6 తీవ్రతతో భూకంపం" అని నేనే రాశాను. మర్నాడు భూగోళం చెప్పే లెక్చరర్ ఒకాయన ఫోన్ చేశారు. గుడిగంట కొట్టిన దెబ్బ ఒక్కటే తల్లీ, ధ్వజస్తంభం దగ్గర ఒకలా వినిపిస్తుంది, ఊరి చివర ఒకలా వినిపిస్తుంది, అన్నారు. దెబ్బ ఎంత బలమైనదో చెప్పేది పరిమాణం. అది ఒక భూకంపానికి ఒక్కటే అంకె. ఏ ఊళ్లో ఎంత ఊగిందో చెప్పేది తీవ్రత. అది ఊరికో రకం. పాఠ్యపుస్తకాల్లో ఈ రెండు మాటలూ వేర్వేరుగానే ఉన్నాయి. రెంటినీ కలిపి ఒకే మాట చేసింది మేం, పత్రికలవాళ్లం.

మావయ్య: అయితే వేరు చేసి రాయి.

నేను: రాస్తాను. పరిమాణం అంటే పాఠకుడికి కొలత గుర్తొస్తుందో సైజు గుర్తొస్తుందో తెలీదు, కానీ రాస్తాను.

మావయ్య: ఇంకోటి. ప్రకంపనలు అని వేస్తుంటారు, చిన్నవాటికి. "జిల్లాలో స్వల్ప భూప్రకంపనలు". ప్ర అన్న ఉపసర్గ ఏం చేస్తుంది? పెంచుతుంది. కోపం కంటే ప్రకోపం పెద్దది. చండం కంటే ప్రచండం పెద్దది. కంపనం కంటే ప్రకంపనం పెద్దది కావాలి. మీరు తలకిందులు చేశారు. పెద్దదానికి కంపం, చిన్నదానికి ప్రకంపన!

నేను: తలకిందులైన మాట నిజమే. వాడుక ఒకసారి స్థిరపడితే వ్యాకరణం వెనక్కి తిప్పలేదు. చిన్నదానికి ఒక మాట కావలసి వచ్చింది, అది దొరికింది.

మావయ్య: చిన్నదానికి మాట మన దగ్గర లేకనా? నాయనమ్మ "చిన్నగా అదిరింది" అనేది, "బాగా అదిరింది" అనేది. మా ప్రాంతంలో 1967 తర్వాత కూడా ఎన్నిసార్లో చిన్నగా అదిరింది. భూకంపం అన్నది మొదటి నుంచీ పెద్ద మాట. ఆ మాటకు ఇళ్లు కూలాలి, జనం పోవాలి. గ్లాసులు మోగితే దాన్ని భూకంపం అనడానికి నోరు రాదు, "ఏదో లారీ పోయింది" అని సర్దుకుంటాం. మహారాష్ట్రలో కిల్లారిలో ఏం జరిగింది? 1993 సెప్టెంబరు 30, తెల్లవారకముందు. రాళ్లూ మట్టీ పెట్టి కట్టిన గోడలు, పైన బరువైన మట్టి కప్పులు. దాదాపు పదివేల మంది నిద్రలోనే పోయారు. ఆ ఊళ్లో అంతకుముందు ఏడాది, 1992లోనే, నేల చాలాసార్లు అదిరింది. చిన్నవాటికి చిన్న మాట అలవాటుంటే, వాటిని కూడా లెక్కలోకి తీసుకుంటాం.

నేను: నాకు భయమేసేది కూడా అక్కడే. చిన్నవి వచ్చిన ప్రతిచోటా పెద్దది రాదు. హైదరాబాదు బోరబండలో 2020 అక్టోబరులో రాత్రుళ్లు నేలలోంచి చప్పుళ్లు వచ్చి జనం రోడ్ల మీద పడుకున్నారు. పెద్దది రాలేదు. చిన్నది వచ్చినప్పుడల్లా "ఇది ముందస్తు సూచన" అని మేం రాస్తే, శకునం చెప్పేవాడికీ మాకూ తేడా ఏముంది? రేపు ఏ రోజు, ఏ గంటకు వస్తుందో ముందే చెప్పే విద్య ఎవరి దగ్గరా లేదు. గోడ ఎలా కట్టాలో మాత్రం తెలుసు. కిల్లారిలో చంపింది గోడలు.

మావయ్య: గోడలే. నేను శకునం చెప్పమనడం లేదమ్మాయ్. ఉన్నదాన్ని ఉన్నంత మాటతో చెప్పమంటున్నాను.

ఈ మాట దగ్గర నేను కాస్త వెనక్కి తగ్గానని ఒప్పుకోవాలి. అయినా ఒకటి వదల్లేకపోయాను.

నేను: కొత్త మాట కావలసినప్పుడు జనం పెద్ద మాటైనా, పరాయి మాటైనా తీసుకుంటారు మావయ్యా. 2004 డిసెంబరు 26న సుమత్రా దగ్గర సముద్రం అడుగున భూమి చీలి మన తీరం మీదికి అలలు వచ్చినప్పుడు, పత్రికలు ముందు రాకాసి అలలు అని రాశాయి. తర్వాత సునామీ అని జపాను మాట వచ్చింది. త్సు అంటే రేవు, నామి అంటే అల. మనకు ఉప్పెన అన్న మాట ఉంది కదా, ఎందుకు వాడలేదు? ఉప్పెన అంటే దివిసీమ, 1977, తుపాను. గాలి తెచ్చే నీరు అది. భూమి కదిలి తెచ్చే నీరు వేరు. జనం ఆ తేడా పట్టుకున్నారు. ఇవాళ పల్లెల్లో ముసలివాళ్లు కూడా సునామీ అంటారు.

మావయ్య: మా తీరంలో ఆ రోజు పడవలవాళ్లు ఏమన్నారో తెలుసా? "సముద్రం లేచింది" అన్నారు. మళ్లీ క్రియే.

నేను: జరుగుతున్నప్పుడు క్రియ, జరిగాక నామవాచకం. డెస్కు మీదికి వచ్చేసరికి ఎప్పుడూ జరిగిపోయే ఉంటుంది.

మావయ్య: నాయనమ్మ ఉట్టిని నువ్వు మర్చిపోయావు.

నేను: మర్చిపోలేదు. నిజానికి ఆ మొదటి క్షణంలో ఉట్టి ఊగలేదు మావయ్యా. ఊగింది ఇల్లు. దూలం జరిగింది, గోడ జరిగింది, మీరు నిలబడ్డ నేల జరిగింది. వేలాడుతున్న పెరుగు కుండ మాత్రం తన బరువుతో ఉన్నచోటే ఉండబోయింది. భూకంపాలను గీసే యంత్రం పనిచేసేది ఈ కిటుకు మీదే. చట్రం భూమితో పాటు ఊగుతుంది, మధ్యలో వేలాడే బరువు ఊగకుండా ఉండబోతుంది. ఆ రెంటికీ మధ్య వచ్చిన తేడాయే గీత. ఉప్పల్ దారిలో జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థలో ఉన్న యంత్రాలకీ మీ నాయనమ్మ ఉట్టికీ సూత్రం ఒకటే.

మావయ్య: ఆవిడ వింటే సంతోషించేది. కుండ కదల్లేదు, ఇల్లే కదిలింది అని. (కాసేపాగి) ఆ రోజు తూర్పు గోడ పగిలింది తెలుసా. మట్టిగోడ. పై నుంచి కింది దాకా వేలు దూరేంత సందు. ఏటా సంక్రాంతికి నాయనమ్మ ఎర్రమన్నూ పేడా కలిపి దాన్ని మెత్తేది. ఎండలు ముదిరేసరికి అది మళ్లీ అక్కడే నోరు తెరిచేది. అదురుబీట అనేది దాన్ని. "అదురుబీట పక్కన చేట పెట్టాను, తీసుకురా" అనేది.

నేను: అంటే ఆవిడ కూడా పేరు పెట్టింది.

మావయ్య: గోడకు పెట్టింది.

నేను: కచ్‌వాళ్లు గట్టుకు పెట్టినట్టు.

మావయ్య: ఏళ్లను కూడా దాంతోనే లెక్కపెట్టేది. మీ అమ్మ ఎప్పుడు పుట్టిందని ఎవరడిగినా "భూమి అదిరిన ఏడు" అని చెప్పేది.

నేను: అమ్మ సర్టిఫికెట్లో 1966 జూన్ 1 అని ఉంది.

మావయ్య: బళ్లో వేసేటప్పుడు మేష్టారు రాసుకున్న తేదీ అది. మీ అమ్మ పుట్టింది భూమి అదిరిన తొమ్మిదో రోజున. ఆ గోడ పక్కనే పురిటి మంచం. పిల్లకు గాలి తగలకుండా బీటలో పాత చీర పేలికలు కుక్కింది నాయనమ్మ. ఆ పేలికలు అందించింది నేనే.

అన్నం చేతులతోనే వేళ్ల మీద లెక్కపెట్టాను. మార్చి 27 ఒకటి, 28 రెండు. తొమ్మిదోది ఏప్రిల్ 4. సాయంత్రం ఆఫీసుకు పోతూ దారిలో అమ్మకు ఫోన్ చేశాను.